బట్టల మూటలు ఆపిన అంబాసిడర్

పండరీలో బుధవారం

ఆ బుధవారం రాయ్‌పూర్ పండరీ టోకు బట్టల బజారులో మా పత్రిక యజమాని సేఠ్‌జీ గారి అంబాసిడర్‌ని ఆపింది బ్రేకు కాదు, చీరల మూటలు.

కారు మనిషి నడక కంటే కాస్త ఎక్కువ వేగంతో పోతోంది. డ్రైవరు అప్పలస్వామి పక్కన నేను కూర్చున్నాను. వెనక సీట్లో సేఠ్‌జీ గారి తల్లి. ఆవిణ్ణి ఆఫీసంతా అమ్మాజీ అనేవాళ్లం. మనవరాలి పెళ్లికి చీరలు కొనడానికి బయల్దేరారు. ముందు వెళ్తున్న రిక్షా ఉన్నట్టుండి ఆగింది. అప్పలస్వామి బ్రేకు తొక్కాడు. పెడల్ నేలకి తగిలింది కాని కారు ఆగలేదు. రెండోసారి తొక్కుతూనే స్టీరింగ్ ఎడమకి తిప్పాడు. ఒక దుకాణం ముందు గోనెపట్టా చుట్టిన మూటలు ఆరడుగుల ఎత్తున పేర్చి ఉన్నాయి. కారు వాటిలోకి వెళ్లి, భోజనమయ్యాక పరుపు మీద ఒరిగిన పెద్దమనిషిలాగా, ఏ చప్పుడూ లేకుండా ఆగింది. పైనున్న మూట ఒకటి జారి బానెట్ మీదికి వచ్చి కూర్చుంది.

అమ్మాజీ ముక్కు చివరికి జారిన కళ్లద్దాలు సర్దుకుని, "దుకాణం ఇదేనా?" అని హిందీలో అడిగారు.

దుకాణదారు పోట్లాటకి సిద్ధమై బయటికి వచ్చాడు. కారులో ఎవరున్నారో చూసి చేతులు జోడించాడు. ఆవిడ అప్పటికే తలుపు తీసుకుని దిగి, చినిగిన మూటలోంచి కనిపిస్తున్న చీరని కర్రతో చూపించి, "ఆ నెమలికంఠం రంగుది తీయి" అంటున్నారు. తర్వాత రెండు గంటలు చీరలు చూశారు. ఎనిమిది తీసుకున్నారు. ఆ బజారులోకి ఒక కొనుగోలుదారు దుకాణాన్ని గుద్ది వచ్చి ఎనిమిది చీరలు కొన్నది అదొక్కసారేనని నా అంచనా.

ఆ రెండు గంటలూ అప్పలస్వామి కారు పక్కన చతికిలబడి కూర్చున్నాడు.

"అన్నా, తొక్కినాను. నీ ఎదరే గదా. తొక్కినానా, లేదా?"

"తొక్కావు."

"నిన్నేటి సెప్పినాను? పెడలు బిల్కుల్ నరమ్‌గున్నాది, బురదలో కాలెట్టినట్టున్నాది అన్నానా? నువ్వేటన్నావు?"

ముందురోజు నేను అన్నది ఇది: "డిస్కు బ్రేకులంటే ఇలాగే ఉంటాయి అప్పలసామీ. నీ కాలు అలవాటు పడాలి."

ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో నేనన్న మాటల్లో అంతకంటే చెడ్డది లేదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చే మెకానిక్కులకి నాలుగు మాటలు రాసి పెట్టమని మిత్రులు అడిగినప్పుడు మొదట గుర్తుకొచ్చింది కూడా అదే.

ఆ సాయంత్రం సేఠ్‌జీ మమ్మల్నిద్దరినీ బంగ్లాకి పిలిపించారు. ఆయన వాదన తేలికైంది. పాత బ్రేకులతో అప్పలస్వామి పన్నెండేళ్లు ఎవరినీ గుద్దలేదు. కొత్త బ్రేకులు వేసిన రెండో రోజే గుద్దాడు. బ్రేకులు బాగున్నాయని సామ్యేలు (అంటే నేనే) చెప్పాడు. కాబట్టి చెడింది డ్రైవరు.

"సామ్యేల్, గాడీ ఖరాబ్ హై, యా డ్రైవర్?" చెడింది బండా, డ్రైవరా అని నన్నే అడిగారు.

నేను వెంటనే "గాడీ" అనాల్సింది. కానీ అలా అంటే, బాగున్నాయని నిన్న సంతకం పెట్టినవాణ్ణి నేనే కాబట్టి, తర్వాతి ప్రశ్న నా మీదికి వస్తుంది. "చూసి చెప్తాను" అన్నాను.

"శనివారం లోపల చూడు. లేకపోతే సోమవారం కొత్త డ్రైవరు వస్తాడు."

అప్పలస్వామి బంగ్లా వెనక గదిలోనే పెళ్లాంబిడ్డలతో ఉండేవాడు. ఉద్యోగం పోతే గది కూడా పోతుంది. ఇదీ పరిస్థితి.

నా పని ఏమిటి

రాయ్‌పూర్‌లో ఒక హిందీ దినపత్రికకి నేను వాహనాల ఇన్‌చార్జిని. అప్పటికి మా ఊరు ఇంకా మధ్యప్రదేశ్‌లోనే ఉంది. పత్రిక కట్టలు మోసే జీపులు, విలేకరుల స్కూటర్లు, సేఠ్‌జీ అంబాసిడర్, అన్నీ నా చేతిలోనే. మా నాన్నగారు గోదావరి వైపు నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను రైలు పట్టాల మీద కాక రోడ్డు మీద స్థిరపడ్డాను. ఎప్పుడు ఏ హోదా ఇచ్చారన్నది నాకే సరిగ్గా గుర్తులేదు, మీకు అసలే అక్కర్లేదు.

పని నేర్పినవాళ్లు ఇద్దరు. ఒకరు స్టేషను దగ్గర షెడ్డులో బషీర్ ఉస్తాద్. ఇంకొకరు మా పత్రిక న్యూస్ ఎడిటర్ తివారీజీ. ఆయన జన్మలో పానా పట్టుకోలేదు. కానీ జీపు ఆలస్యమైన ప్రతిరోజూ కారణం రాసి ఆయనకివ్వాలి. నేను రాసింది ఆయన ఎర్ర పెన్సిలుతో దిద్దేవారు. "ఇంజన్ మొరాయించడం వలన" అని రాస్తే, "ఇంజన్ ఏమైనా గుర్రమా? ఏ భాగం, ఎప్పుడు, ఎవరు చూశారు?" అని అంచున రాసి తిప్పి పంపేవారు. "బహుశా" అన్న మాట కనిపిస్తే దాని చుట్టూ సున్నా చుట్టేవారు. తెలియకపోతే తెలియదని రాయమనేవారు. ఆయన దిద్దుబాట్లలో ఇరవై ఏళ్లు నలిగాక నాకు రెండు సంగతులు తెలిశాయి. బండి జబ్బు కనుక్కోవడం, వార్త రాయడం ఒకే పని. రెండింట్లోనూ పాడుచేసేది విన్న మాటని చూసినట్టు రాయడమే.

ఒకసారి జీపులో వెనక ఇరుసు మోగుతోందని డ్రైవర్లంతా చెప్పారు. నేను నమ్మి ఇరుసు విప్పాను. రోజంతా పోయింది. మోగింది సీటు కింద ఎవరో మరిచిపోయిన టిఫిన్ క్యారియరులో చెంచా. ఆ రోజు నా కారణాల కాగితం మీద తివారీజీ ఏమీ దిద్దలేదు. దాన్ని చట్రం కట్టించి ఆయన గోడకి పెట్టుకున్నారు.

బొట్టు సంగతి

ఇక్కడ బషీర్ ఉస్తాద్ పద్ధతి ఒకటి చెప్పాలి. బండిలో కుడి, ఎడమ భాగాలు కొన్ని అద్దంలో చూసినట్టుంటాయి. చేతిలో పట్టుకుంటే ఏది ఎటుదో తొందరలో తెలియదు. అందుకని ఉస్తాద్ కుడివైపు భాగానికి ఎర్ర గుర్తు పెట్టేవాడు. ఎడమదానికి ఏమీ పెట్టేవాడు కాదు. షెడ్డు పక్కనే పూజా సామాన్ల కొట్టు. అక్కడ ఎప్పుడూ దొరికే ఎర్ర రంగు కుంకుమ. దాన్ని కాస్త గ్రీజులో కలిపి వేలితో ఒక బొట్టు. అయిదు పూటలా నమాజు చేసే ఉస్తాద్ దగ్గర, ప్రతి ఆదివారం చర్చికి వెళ్లే నేను, అలా కుంకుమ పెట్టడం నేర్చుకున్నాను.

ప్రెస్సులో చేరాక కూడా అదే కొనసాగించాను. నా బల్ల మీద కుంకుమ డబ్బా చూసి జనం ఏమనుకునేవారో నేను ఎప్పుడూ ఆలోచించలేదు. తర్వాత తెలిసింది. సామ్యేలు క్రైస్తవుడైనా ఏ కొత్త సామాను బిగించినా ముందు తిలకం దిద్దుతాడని బంగ్లాలో మంచి పేరుందట. అమ్మాజీ వచ్చిన చుట్టాలకి కూడా చెప్పేవారట.

ఏదైనా గుర్తు పెట్టుకుంటే దాని అర్థం పక్కవాడికి చెప్పండి. నేను ముప్పై ఏళ్లు చెప్పలేదు.

డిస్కులు ఎందుకు

బ్రేకులు మార్చాల్సిన అవసరం ఏమీ లేదు. పాత డ్రమ్ము బ్రేకులు శుభ్రంగా పనిచేస్తున్నాయి. కానీ సేఠ్‌జీకి కాబోయే వియ్యంకుడు కొత్త అంబాసిడర్ కొన్నారు. దానికి ముందు చక్రాలకి డిస్కులొచ్చాయి. ఆయన ప్రతి భోజనం దగ్గరా డిస్కుల ప్రస్తావన తెచ్చేవారు. పెళ్లి దగ్గర పడుతోంది, ఇంకా చాలా భోజనాలున్నాయి. పాత కారుకి డిస్కులు పెట్టగలవా అని సేఠ్‌జీ అడిగారు. పెట్టగలనన్నాను. అడగ్గానే పెట్టగలనన్న మెకానిక్‌ని చూస్తే ఇప్పుడు నాకు భయం.

కొత్త మోడలువి డిస్కులు, క్యాలిపర్లు తెప్పించాం. క్యాలిపర్ అంటే చక్రంతో పాటు తిరిగే డిస్కు బిళ్లని రెండు పక్కల నుంచి పట్టుకుని నొక్కే ఇనప గుప్పిలి. పాత బండికి వాటిని బిగించేందుకు పట్టీలు ఊరి పక్కన ఉర్లాలో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో కోయించాను. రెండు పట్టీలూ ఒకేలా ఉండేలా చేయించాను. ఏ క్యాలిపర్ ఏ పక్కైనా బిగుస్తుంది. అది నా తెలివి అనుకుని గర్వపడ్డాను కూడా. తప్పు చేయడానికి దారి ఒకటి అలా నేనే వేసి పెట్టాను.

శనివారం సామాను బంగ్లా కారు షెడ్డులో పెట్టి, కుడి క్యాలిపర్‌కి బొట్టు పెట్టాను. సోమవారం బిగించాను. బొట్లు చూస్తే ఒకదానికి చక్కగా గుండ్రంగా ఎర్రగా ఉంది. రెండోదానికి వెలిసిన మరకలాంటిది ఏదో ఉంది. మొదటి దాని రంగు దీనికి అంటుకుందనుకున్నాను. ఎర్రగా ఉన్నది కుడివైపు పెట్టేశాను. ఎడమవైపు బ్రేకు ఆయిలు హోస్ పైపు కాస్త సాగదీస్తే గాని అందలేదు. సాగదీశాను. బండి ఆ క్షణంలో నాతో మాట్లాడింది, నేను వినలేదు.

బిగించాక పైపుల్లో గాలి తీయాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టాలి, ఇంకొకరు కింద పడుకుని చక్రం దగ్గర నిపిల్ అనే చిన్న మర వదులు చేయాలి. ఆయిలుతో పాటు గాలి బుడగలు బయటికి వస్తాయి. బుడగలు ఆగేదాకా ఇది చేయాలి. ఆ సోమవారం నిపిల్ నా చేతికి ఎంతో సులువుగా అందింది. "ఈ కొత్త మోడలువాళ్లు మెకానిక్ కష్టం తెలిసినవాళ్లోయ్" అని అప్పలస్వామితో అన్నాను. బుడగలు త్వరగానే ఆగాయి.

మంగళవారం అప్పలస్వామి వచ్చి పెడల్ మెత్తగా ఉందన్నాడు. నేనేమన్నానో ముందే చెప్పాను.

గురు, శుక్రవారాలు

గురువారం తెల్లవారి మొదలుపెట్టి చేసిన పనులన్నీ పనిమంతుడి పనులు. ఒక్కటీ పనికొచ్చింది కాదు. మళ్లీ గాలి తీశాను. వెనక డ్రమ్ముల్లో రాసుకుని ఆపే లైనింగులు దగ్గరికి తెచ్చాను. కొత్త క్యాలిపర్లకి ఆయిలు ఎక్కువ కావాలి, పాత మాస్టర్ సిలిండర్ అంత తోయలేకపోతోందేమోనని కొత్త మోడలుది తెచ్చి మార్చాను. పెడల్ కొంచెం పైకి వచ్చింది. మెత్తదనం అలాగే ఉంది.

మధ్యాహ్నం తివారీజీ కాంటీన్‌లో పట్టుకున్నారు.

"ఏమిటి, ఇంకా తేలలేదా?"

"పెడల్ మెత్తగా ఉందండీ."

"ఎవరన్నారు?"

"అప్పలస్వామి."

"మెత్తగా అంటే ఎంత? ఎప్పుడు? అన్ని వేళలా ఒకేలాగా? అతన్ని కూర్చోబెట్టి అడిగావా?"

అడగలేదు. నిందపడ్డవాణ్ణి ఎవరూ ఏమీ అడగరు, తిట్టడమో ఓదార్చడమో చేస్తారు. నేను ఓదారుస్తున్నాను.

షెడ్డుకి వెళ్లి నోటుబుక్కు తీశాను. అప్పలస్వామి అనుమానంగా చూశాడు.

"ఏటన్నా, బయాన్ రాసుకుంతున్నావా? పోలీసోలకిస్తావేటి?"

"లేదురా. తొక్కితే ఎలా ఉందో సరిగ్గా చెప్పు. లోతుకి పోయి ఠక్కున ఆగుతోందా, లేక స్పాంజిలా అణుగుతోందా?"

"ఠక్కూ లేదు, పిక్కూ లేదు. రవ్వ లడ్డూ నొక్కినట్టున్నాది."

"గబగబా రెండు మూడుసార్లు తొక్కితే?"

"పైకొస్తాది. అలగ తొక్కే గదా మూటల్లో ఆపినాను. నీకు తెలీదేటి?"

"ఇంకా?"

"ఇంకోటున్నాది. పొద్దుటే మొదటిపాలి తొక్కితే మరీ లోతుకెల్తాది. రెండోపాలి నుంచి కొంచెం నయం."

రెండూ రాసుకున్నాను. రాస్తుంటేనే మొదటిదాని ముడి విడిపోయింది. పెడల్ లోతుకి పోయినా గట్టిగా ఆగితే అది ఆయిలు చాలకపోవడమో లైనింగులు దూరంగా ఉండడమో. లడ్డూలా అణిగితే, తొక్కేకొద్దీ పైకొస్తే, లోపల గాలి ఉంది. ఆయిలు అణగదు, గాలి అణుగుతుంది. ఇది నేను కొత్తవాళ్లకి చెప్పే మొదటి పాఠం. రెండు రోజులుగా నాకే గుర్తు రాలేదు, ఎందుకంటే గాలి తీసింది నేను. నేను తీశాక గాలి ఉండదు కదా.

శుక్రవారం పొద్దున గాలి ఎక్కడుందో వెతికాను. రబ్బరు హోస్ పైపులని చెక్కబద్దల మధ్య మెల్లిగా నొక్కి మూసి, ఒక్కొక్కసారి పెడల్ తొక్కించాను. వెనకది మూస్తే తేడా లేదు. ముందు కుడిది మూస్తే సగం గట్టిపడింది. ఎడమది కూడా మూస్తే రాయి. అంటే గాలి ముందు చక్రాల దగ్గరే, రెండింట్లోనూ ఉంది. రెండు కొత్త భాగాలు ఒకే రోజు ఒకే రకంగా చెడ్డాయంటే, చెడినవి అవి కావు. బిగించినవాడి వైపు చూడాలి.

బిగించినవాడు కారు కింద పడుకున్నాడు. అప్పలస్వామి పైన పెడల్ తొక్కి పట్టి, తన మేనమామ రైలింజను నడిపిన కథ ఏదో చెబుతున్నాడు. నేను నిపిల్ వదులు చేశాను. ఆయిలు నేరుగా మోచేతి మీద పడి చంకలోకి కారింది. తుడుచుకుంటూ ఆలోచించాను. ఇన్నేళ్లుగా గాలి తీసేటప్పుడు చెయ్యి పైకి చాచి, కనిపించని చోట తడుముతూ, వేళ్లు చెక్కుకుపోయేలా తిప్పేవాణ్ణి. ఇంత సుఖంగా ఎప్పుడూ లేదు. ఈ నిపిల్ నా ముఖం మీదికి ఎందుకు వేలాడుతోంది?

గాలి పైకి పోతుంది. అందుకే నిపిల్ పైన ఉంటుంది. అది కిందుంటే, పైన చేరిన గాలి సుఖంగా అక్కడే కూర్చుంటుంది. కిందనుంచి స్వచ్ఛమైన ఆయిలు వస్తూ ఉంటుంది, బుడగలు ఆగాయని మనం సంతోషిస్తూ ఉంటాం. కుడిది ఎడమకీ, ఎడమది కుడికీ వేశాను.

"అప్పలసామీ."

"ఏటన్నా, ఒగ్గీమంతావా?"

"వదిలెయ్. కుడిదానికి బొట్టు పెట్టింది నేను కదా. రెండోదానికి ఎవరు పెట్టారు?"

పెడల్ మీంచి కాలు తీసిన చప్పుడు.

"అమ్మాజీ ఎట్టినారు. ఆదివారం. నువ్వు సర్చికెల్లినప్పుడు. కొబ్బరికాయి కూడా కొట్టీసినాం. ఆ నీల్లు పడి నీ బొట్టు కూసింత సెరిగిపోనాది."

"నాకు చెప్పలేదేం?"

"నువ్వు కిరస్తానం మనిషివి గదా, నీ పని మీద మేం పూజ సేసినాం అంతే ఏటనుకుంతావో అనీసి. కొబ్బరిముక్కలు కూడా నీకు కనపడకుంట దాసీసినాం."

"నీ ఇంట్లో ప్రసాదం నేనెప్పుడు వద్దన్నానురా?"

"అదీ నిజమే," అన్నాడు. కారు దిగుతూ, "రెండు ముక్కలున్నాయేమో సూడమంతావా?" అన్నాడు.

పన్నెండేళ్ల స్నేహంలో అతను నా మనసు నొప్పించకూడదని దాచాడు. నేను నా బొట్టుకి అర్థం కుడివైపు అని మాత్రమేనని ఎవరికీ చెప్పకుండా దాచాను. ఆ రెండు మర్యాదలూ కలిసి కారుని మూటల్లోకి తోశాయి.

సాయంత్రానికి క్యాలిపర్లు అటుదిటు, ఇటుదటు మార్చాం. హోస్ పైపు సాగదీయకుండానే అందింది. నిపిల్ పైకి వెళ్లింది, నా వేళ్లు ఎప్పటిలాగే చెక్కుకుపోయాయి. మొదటి తొక్కుకే లోపల్నుంచి గాలి దగ్గుతూ బయటికి వచ్చింది. అరగంట తర్వాత అప్పలస్వామి తొక్కి, కాలు వైపు చూసుకుని, "గచ్చు మీద కాలెట్టినట్టున్నాదన్నా" అన్నాడు. ఖాళీ రోడ్డు మీద ఇరవైసార్లు ఆపి చూశాం. ప్రతిసారీ ఆగింది.

శనివారం

నిజాయితీగా చెప్పాలంటే శనివారానికి నా దగ్గర ఇంకో కథ సిద్ధంగా ఉంది. ఉర్లాలో పట్టీలు తప్పుగా కోశారని చెప్పొచ్చు. కోసినవాడు అక్కడ ఉండడు, సేఠ్‌జీ అడగరు, అప్పలస్వామి బతుకుతాడు, నేనూ బతుకుతాను. బంగ్లా మెట్లెక్కేదాకా అదే చెప్పాలనుకున్నాను. లోపల చూస్తే సేఠ్‌జీ పక్కన తివారీజీ కూర్చుని టీ తాగుతున్నారు. ఆయన ఎదుట "బహుశా" అన్న మాట నా నోట రాదు.

"తప్పు నాది," అన్నాను. "కుడి, ఎడమ మార్చి బిగించాను. లోపల గాలి ఉండిపోయింది. అప్పలస్వామి మంగళవారమే చెప్పాడు. నేను కాలు అలవాటు చేసుకోమన్నాను."

"మరి బుధవారం నాతో ఎందుకు చెప్పలేదు?"

"బుధవారం నాకు తెలియదండీ. తెలిసినట్టు ముందురోజే సంతకం పెట్టాను."

సేఠ్‌జీ కప్పు కింద పెట్టారు. "ముప్పై ఏళ్ల మిస్త్రీవి. కుడి ఎడమ తెలియదా?"

"గుర్తు చూసి పొరపడ్డాను."

"ఏం గుర్తు?" అని అడిగింది సేఠ్‌జీ కాదు. ఊయలబల్ల మీద కూర్చున్న అమ్మాజీ.

"ఎర్ర గుర్తండీ."

"నీ తిలకమా? పాపం ఒకదానికి పెట్టి రెండోది మరిచిపోయావనుకున్నాను. అశుభమని రెండోదానికి నేనే పెట్టాను. బాగా పెట్టాను, గుండ్రంగా." ఆవిడ ఊయల ఆపారు. "అంటే నేను పెట్టింది చూసి...?"

తివారీజీ టీ కప్పులోకి దీక్షగా చూస్తున్నారు. సేఠ్‌జీ ముఖంలో ఒక లెక్క జరుగుతోంది. డ్రైవరు తప్పు కాదు. మెకానిక్ తప్పు అంటే, తప్పు బొట్టు దగ్గర మొదలైంది. బొట్టు దగ్గర మొదలైందంటే...

"సరే," అన్నారు చివరికి. "ఇక మీదట ఎవరూ దేనికీ ఏ బొట్టూ పెట్టకూడదు."

"నాకా చెప్తున్నావు?" అన్నారు అమ్మాజీ.

"కాదమ్మా. సామ్యేలుకి."

అమ్మాజీ అప్పలస్వామి వైపు తిరిగారు. అతను గుమ్మం బయట తువ్వాలు నలుపుతూ నిలబడి ఉన్నాడు. "బ్రేకు లేనప్పుడు రిక్షావాణ్ణి వదిలి మూటల వైపు తిప్పాడు. ఇంత బుద్ధి ఉన్న డ్రైవరుని మానిపిస్తే నేను ఈ కారెక్కను," అన్నారు. కేసు అక్కడితో ముగిసింది. అప్పలస్వామి గదీ, ఉద్యోగమూ నిలిచాయి. నన్ను వారం పాటు సేఠ్‌జీ ఇంటివాళ్లెవరూ పలకరించలేదు, అది న్యాయమే.

ఆవిడ పోయేదాకా నాకు భక్తి ఉందనే నమ్మారు. అది తిలకం కాదు, వట్టి గుర్తేనని చెప్పే ధైర్యం నాకు రాలేదు. ఆ సోమవారం నుంచి నేను కుడివైపు భాగానికి ఆకురాయితో చిన్న గీత పెట్టడం మొదలుపెట్టాను. గీతకి ఎవరూ పూజ చేయరు. ఆ గీత ఎందుకో షెడ్డు గోడ మీద పెద్ద అక్షరాలతో హిందీలో రాయించాను.

మిగిలింది

కొత్తవాళ్లు దీన్నుంచి ఏం నేర్చుకోవాలో నేను మళ్లీ చెప్పనక్కర్లేదు. ఒకటి మాత్రం చెప్పాలి, ఎందుకంటే దాన్ని నేను ఇంకా మింగలేకపోతున్నాను.

ఆ గురువారం అప్పలస్వామి చెప్పినవి రెండు. పెడల్ మెత్తగా ఉందన్నది ఒకటి. పొద్దున మొదటిసారి తొక్కితే మరీ లోతుకి పోతుందన్నది ఇంకొకటి. మొదటిది తేలింది. రెండోది కూడా దానితోనే పోతుందనుకున్నాను. పోలేదు. మరుసటి సోమవారం అతను వచ్చి, "అన్నా, కోప్పడకు" అని మొదలుపెట్టాడు. ఈసారి కాలు అలవాటు చేసుకోమనలేదు. నేనే వెళ్లి తొక్కాను. నిజమే. రాత్రంతా నిలబడ్డ కారులో మొదటి తొక్కు వేలెడు లోతుకి పోతుంది. రెండో తొక్కు నుంచి రాయి. ఇక ఆ రోజంతా రాయే.

మాస్టర్ సిలిండర్ రబ్బర్లు మార్చాను. ఎక్కడైనా చెమ్మ ఉందేమోనని పైపులన్నిటికీ కాగితం చుట్టి చూశాను. డిస్కులు వంకర లేవు. చక్రాల బేరింగులు బిగువుగానే ఉన్నాయి. వియ్యంకుడి కారు తొక్కి చూశాను, దానికి ఆ జబ్బు లేదు. సేఠ్‌జీకి చెప్పాను, అమ్మాజీకి కూడా చెప్పాను. అది పెరగలేదు, తగ్గలేదు. అప్పలస్వామి రోజూ పొద్దున ఇంజను తిప్పే ముందు రెండుసార్లు పెడల్ తొక్కడం అలవాటు చేసుకున్నాడు.

నేను రిటైరవడానికి ముందు ఆ కారుని మందిర్ హసౌద్‌లో ఒక బియ్యం మిల్లు ఆయనకి అమ్మేశారు. అప్పలస్వామే నడిపి అప్పగించి వచ్చాడు. పొద్దుటే రెండుసార్లు తొక్కి తర్వాత తాళం తిప్పమని చెప్పాడట. ఎందుకని ఆయన అడగలేదట, బండికి మొక్కు అనుకున్నాడట. ఈమధ్య అటు వెళ్లినప్పుడు చూశాను. కారు ఇంకా తిరుగుతోంది. ఆయన డ్రైవరు రెండుసార్లు తొక్కి, చేతులు కళ్లకద్దుకుని, అప్పుడు తాళం తిప్పాడు.

వాహనాల పుస్తకంలో ఆ కారు పేజీ చివర నేను రాసిన వాక్యం తివారీజీ దిద్దకుండా వదిలేశారు: ఉదయం మొదటి తొక్కు వేలెడు లోతు, రెండోది సరి, కారణం తెలియలేదు.